ఆరు లక్షల అప్పు, పద్దెనిమిది వేల జీతం

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు, వయసు 51. అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. నేను ఈ ఏడాది బీఏ పూర్తి చేశాను, అందులో సోషియాలజీ ఉంది. ఎమ్మెస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చెయ్యాలని ఇంటర్ నుంచీ కోరిక. పీజీసెట్ రాశాను, ర్యాంకు పర్వాలేదు. కానీ ఆంధ్రా యూనివర్సిటీలో సీటు వస్తుందో రాదో కౌన్సెలింగ్ అయితే గాని తెలీదు. ఈలోగా పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఎంట్రన్స్ లేకుండానే సీటిస్తామన్నారు. ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్ళకి ఆరున్నర లక్షలు. బ్యాంకు వాళ్ళు తనఖా లేకుండా 6 లక్షలు ఇస్తామన్నారు. వడ్డీ పదిన్నర శాతం, నాన్న కో-బారోవర్‌గా సంతకం పెట్టాలి. సీటు ఖాయం కావాలంటే పది రోజుల్లో 25 వేలు కట్టాలట. ఏయూలో అయితే ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు, మొత్తం లక్షన్నరలో అయిపోతుందని సీనియర్ అక్క చెప్పింది. నాన్నది ఒకటే మాట: "ఆరు లచ్చలు అప్పుసేసి సదివితే నెలకెంతొస్తాదమ్మా?" నా దగ్గర జవాబు లేదు. మావయ్య ఎంబీఏ చెయ్యమంటున్నాడు. అన్నయ్యేమో సేవ చెయ్యడానికి డిగ్రీ ఎందుకని నవ్వుతున్నాడు. నన్నేం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, మీ నాన్నగారు అడిగిందే అడగాల్సిన ప్రశ్న. అందుకని ఈ జవాబు నువ్వు ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించేలా రాస్తున్నాను. ఎమ్మెస్‌డబ్ల్యూ చెయ్యి. ఆ ఆరు లక్షల సీటు మాత్రం వద్దు. ఏయూలో రాకపోతే ఒక ఏడాది ఆగు, అంతేగాని పది రోజుల గడువు చూసి కంగారుపడి సంతకాలు పెట్టొద్దు.

ముందు అప్పు సంగతి. ఎడ్యుకేషన్ లోన్ మొత్తం ఒకేసారి ఇవ్వరు, ఏడాదికింతని కాలేజీ ఖాతాలో వేస్తారు. నీకు మొదటి ఏడాది 3 లక్షలు, రెండో ఏడాది 3 లక్షలు అనుకుందాం. చదువుకునే రెండేళ్ళూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. దాన్నే మారటోరియం అంటారు. బ్యాంకు వాళ్ళు ఈ మాట చెప్పగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వాయిదా ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. మొదటి 3 లక్షల మీద మూడేళ్ళకి 94,500, రెండో 3 లక్షల మీద రెండేళ్ళకి 63,000. మొత్తం 1,57,500. అంటే నువ్వు ఒక్క రూపాయి జీతం కళ్ళజూడక ముందే ఆ 6 లక్షలు 7,57,500 అవుతాయి.

ఇక వాయిదాలు. ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 12,770. పదేళ్ళయితే 10,220. పదిహేనేళ్ళకి పెట్టుకుంటే 8,370. వినడానికి ఈ మూడోది తేలికగా ఉంటుంది, కానీ ఆఖరి వాయిదా కట్టేసరికి నువ్వు ఇచ్చింది పదిహేను లక్షలు దాటుతుంది. తీసుకున్నది ఆరు. బ్యాంకు కౌంటర్‌లో చెప్పేది మాత్రం ఎప్పుడూ ఆ చిన్న అంకెనే.

ఇప్పుడు "నెలకెంతొస్తాది" అన్నదానికొద్దాం. ఈ రంగంలో జీతాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, కాబట్టి కాగితం మీద ఉన్న అంకెలతోనే మాట్లాడదాం. జిల్లాల్లో పిల్లల రక్షణ చూసే చైల్డ్ ప్రొటెక్షన్ యూనిట్లు కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య కింద నడుస్తాయి. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం అక్కడ సోషల్ వర్కర్‌కి నెలకి 18,536 రూపాయలు, కౌన్సెలర్‌కీ అంతే. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి 27,804. ఔట్‌రీచ్ వర్కర్‌కి 10,592. అన్నీ కాంట్రాక్టు పోస్టులే. 2022లో ఉమ్మడి విశాఖ జిల్లా విడిపోయి విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అని మూడయ్యాయి కాబట్టి మన ప్రాంతంలో ఇలాంటి నోటిఫికేషన్లు మునుపటి కంటే తరచుగానే కనిపిస్తున్నాయి. అయినా ఒక్కో పోస్టుకి ఎంతమంది కాచుక్కూర్చుంటారో నీకు తెలుసు.

ఆ 18,536లో 12,770 వాయిదాకి పోతే చేతిలో మిగిలేది ఐదు వేల ఏడొందల చిల్లర. ఇంటి దగ్గర ఉంటే ఫోన్ రీఛార్జికి, మధ్యాహ్నం భోజనానికి సరిపోతుందేమో. పాడేరులోనో చింతపల్లిలోనో పోస్టింగ్ వస్తే గది అద్దె కూడా అందులోంచే. పైగా ఇవి గ్రాంటు మీద నడిచే ఉద్యోగాలు. పైనుంచి నిధులు రావడం ఆలస్యమైతే రెండు మూడు నెలల జీతం ఒక్కసారిగా పడుతుంది. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా ఆ తారీఖునే పడుతుంది. ఒకటి తప్పినా నీ సిబిల్ స్కోరుతో పాటు మీ నాన్నగారి స్కోరు కూడా దెబ్బ తింటుంది. కో-బారోవర్ అంటే సాక్షి సంతకం కాదు, సగం బాధ్యత కూడా కాదు. ఆ అప్పు పూర్తిగా ఆయనది కూడా. రెండేళ్ళ చదువు, ఏడాది మారటోరియం, ఆపైన పదేళ్ళ వాయిదాలు. అప్పటికి ఆయనకి 64 ఏళ్ళొస్తాయి. కాంట్రాక్టు పని అప్పటిదాకా ఉంటుందని ఎవరు చెప్పగలరు? స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టు కార్మికుల సంగతి నేను మీ ఇంటికి వచ్చి చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ ఇంకో మాట కూడా ఉంది. నీకు పెళ్ళి సంబంధాలు చూసే రోజులకి ఈ వాయిదాలు మధ్యలో ఉంటాయి. దాని గురించి ముందే మీ అమ్మానాన్నలతో మాట్లాడుకోవడం మంచిది. "ఉద్యోగం చేస్తాను, నా అప్పు నేనే కడతాను" అనడం సులువే. జీతంలో రెండొంతులు అప్పుకే పోతుంటే ఆ మాట మీద నిలబడటం కష్టం.

మార్గదర్శకాల్లో నువ్వు చూసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. 18,536 వచ్చే ఆ సోషల్ వర్కర్ పోస్టుకి పీజీ అడగరు. డిగ్రీ చాలు, సోషల్ వర్కో సోషియాలజీయో చదివిన వాళ్ళకి ప్రాధాన్యం. అంటే ఈ రోజు నువ్వున్న చదువుకే ఆ పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పీజీ ఉపయోగపడేది ఆపై మెట్టుకి, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి. దానికి కూడా సంబంధిత పీజీ గానీ, లేదంటే డిగ్రీతో పాటు రెండేళ్ళ అనుభవం గానీ అడుగుతారు. మన దేశంలో లాయర్లకి, నర్సులకి ఉన్నట్టు సోషల్ వర్కర్లకి లైసెన్సు ఇచ్చి నడిపే కౌన్సిల్ లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలివి. ఎవరైనా చెయ్యొచ్చు అనుకునే పనికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. (2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఆసుపత్రుల్లో పనిచేసే సోషల్ వర్కర్లని తన జాబితాలో చేర్చింది. మిగతా వాళ్ళకి అదీ లేదు.)

కాబట్టి ఎమ్మెస్‌డబ్ల్యూ వల్ల నీకు అదనంగా వచ్చేదెంత అని చూడాలంటే మొత్తం జీతం చూడకూడదు, తేడా చూడాలి. 18,536కీ 27,804కీ తేడా 9,268. ఆ మెట్టు ఎక్కడానికి నెలకి 12,770 వాయిదా కట్టడమంటే లెక్క ఎక్కడా కుదరడం లేదు చూడు. అదే లక్షన్నర అప్పుతో అయితే? ఇదే పద్ధతిలో వడ్డీ కలిపితే మారటోరియం అయ్యేసరికి 1,89,375 అవుతుంది. ఏడేళ్ళలో తీర్చడానికి నెలకి 3,190, ఐదేళ్ళలో అయితే 4,070. చిన్న పోస్టులో చేరినా ఊపిరాడుతుంది. పెద్ద పోస్టు దొరికితే ముందే తీర్చెయ్యొచ్చు.

నేను పిల్లలకి చెప్పే కొలత ఒకటే. నీకు దొరకగల ఉద్యోగాల్లో కింది జీతం తీసుకో, అందులో నాలుగో వంతు దాటి వాయిదా ఉండకూడదు. 18,536లో నాలుగో వంతు 4,634. పదిన్నర వడ్డీకి, ఏడేళ్ళ గడువుకి అది రెండు లక్షల పైచిలుకు అప్పుకి సమానం. కాబట్టి ఈ చదువుకి నువ్వు పెట్టగల అప్పు రెండు లక్షలు, అంతకి మించొద్దు. కాలేజీ వాళ్ళు చూపించే సగటు ప్యాకేజీ మీద ఎప్పుడూ లెక్క వెయ్యకు. ఆ సగటులో ఎవరెవరి జీతాలు కలిపారో మనకి చెప్పరు. ఎంబీఏ వాళ్ళవి కూడా అందులోనే ఉంటాయి.

రేపు ఎవరైనా ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉందని చెప్పి ఊరిస్తారు. ఏడాదికి రెండు లక్షల ఇరవై రెండు వేలు తెచ్చుకునే వాళ్ళకి అసలు పన్నే ఉండదు, మినహాయింపు దేనికి?

ఇంత చెప్పాక మరి ఎమ్మెస్‌డబ్ల్యూ ఎందుకు చెయ్యమంటున్నానంటావా? బీఏతో తెరుచుకోని తలుపులు కొన్ని దానితో తెరుచుకుంటాయి. అందులో కొన్ని మన విశాఖలోనే ఉన్నాయి.

మొదటిది మీ నాన్నగారికి బాగా తెలిసినది. ఫ్యాక్టరీల్లో కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, 500 మంది కార్మికులుంటే తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ సంఖ్యని 250కి దించారు. స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ, షిప్‌యార్డు సరే, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ కూడా కలుపుకుంటే 250 దాటిన యూనిట్లు మన చుట్టూ ఎన్నో. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళతో తెలుగులో, అందులోనూ మన యాసలో మాట్లాడగలిగిన అమ్మాయి అక్కడ వెల్ఫేర్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎంత తేడానో ఆలోచించు. ఈ ఉద్యోగం కావాలంటే ఎమ్మెస్‌డబ్ల్యూలో లేబర్ వెల్ఫేర్, హెచ్ఆర్ వైపు పేపర్లు తీసుకోవాలి. మొదటి జీతం ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టు కంటే మరీ ఎక్కువేం ఉండకపోవచ్చు. కానీ అక్కడ ఏటా పెరుగుతుంది, పీఎఫ్ ఉంటుంది, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారే దారి ఉంటుంది. సేవ అనుకుని వచ్చిన పిల్లలు ఫ్యాక్టరీ గేటు వైపు చూడరు, అది యాజమాన్యం పని అనుకుంటారు. ప్రమాదం జరిగిన రోజున కార్మికుడి భార్య పక్కన కూర్చునేది ఎవరనుకుంటున్నావు?

రెండోది ఆసుపత్రులు. అవయవ మార్పిడి చేసే ప్రతి ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉండాలని చట్టం చెబుతుంది. 2014 నిబంధనల్లో ఆ పోస్టుకి డాక్టర్లు, నర్సులే కాదు, డిగ్రీ చదివిన ఎవరైనా అర్హులే, సోషల్ వర్క్‌లాంటి పీజీ ఉన్నవాళ్ళకి ప్రాధాన్యం అని రాసి ఉంది. మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఈ పని జరుగుతోంది. ఆ ఉద్యోగం ఎలాంటిదో చెబుతాను, మీ అన్నయ్యకి కూడా వినిపించు. బండి మీద పడిపోయి బ్రెయిన్ డెడ్ అయిన పాతికేళ్ళ కుర్రాడు ఐసీయూలో ఉంటాడు. బయట బెంచీ మీద అతని తల్లి. ఇంకా గుండె కొట్టుకుంటోంది కదా, ఎలా చనిపోయాడంటారు అని ఆవిడ అడుగుతుంది. ఆవిడకి అది అర్థమయ్యేలా చెప్పాలి, ఏడవనివ్వాలి, తర్వాత అవయవదానం మాట ఎత్తాలి, వద్దంటే ఆ వద్దుని గౌరవించి పక్కకి రావాలి, అవునంటే గంటల్లో కాగితాలన్నీ పూర్తి చెయ్యాలి. మంచి మనసుంటే సరిపోతుందా దీనికి? మాట ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో నేర్పించాలి. ఫీల్డ్ వర్క్‌లో ఒక సూపర్‌వైజర్ పక్కన కూర్చుని తప్పులు దిద్దితేనే అది వస్తుంది. సేవకి డిగ్రీ ఎందుకు అన్నవాళ్ళకి నా జవాబు ఇంతే.

అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మీ గాజువాకకి దగ్గరే. క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ల పని చాలా ఉంటుంది. వైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వస్తుంది ఏది రాదు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు నెల రోజులు ఎక్కడ ఉండాలి, ఇవన్నీ చూసేది వాళ్ళే. మానసిక ఆరోగ్యం వైపు వెళ్ళాలనుంటే ఎమ్మెస్‌డబ్ల్యూ ఒక్కటే చాలదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే పీజీ తర్వాత ఆ విషయంలోనే రెండేళ్ళ ఎంఫిల్ ఉండాలి. బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీ సీఐపీ లాంటి మానసిక వైద్య సంస్థల్లో చెబుతూ వచ్చిన చదువది, ఆ ఎంఫిల్ ప్రవేశాలకి యూజీసీ అనుమతి 2025-26 వరకే. ఆ దారిలో మొత్తం నాలుగేళ్ళు. అలాంటి ఆలోచన ఉన్నవాళ్ళయితే మొదటి రెండేళ్ళకే ఆరు లక్షలు ఖర్చు పెట్టడం అసలు కుదరదు.

యూజీసీ నెట్ కూడా గుర్తుంచుకో. సోషల్ వర్క్ సబ్జెక్టులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో చేరాక నెలకి 37,000 ఫెలోషిప్. పైన చెప్పిన ఏ కాంట్రాక్టు పోస్టు కంటే ఎక్కువ. ఏయూలో చదివి రాసినా, ఎక్కడ చదివి రాసినా ఆ పరీక్ష ఒకటే.

ఎన్జీవోల గురించి ఎక్కువ చెప్పను. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏకి, అంటే విదేశీ విరాళాల చట్టానికి సవరణ వచ్చి, విదేశీ నిధుల్లో పాలనా ఖర్చులకి వాడుకోగలిగే వాటాని 50 శాతం నుంచి 20 శాతానికి దించాక జీతాలు మరింత బిగుసుకున్నాయి. ప్రాజెక్టు ఉన్నంత కాలం ఉద్యోగం, అయిపోతే వెతుకులాట. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు కాస్త నయం. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం దీనికి ఖర్చు పెట్టాలన్న నిబంధన 2013 కంపెనీల చట్టంలో ఉంది కాబట్టి ఆ డబ్బు ఏటా వస్తుంది. కానీ అక్కడ కొత్తవాళ్ళని తక్కువ తీసుకుంటారు, రెండు మూడేళ్ళు ఫీల్డులో తిరిగిన వాళ్ళని అడుగుతారు.

ఆ ప్రైవేటు యూనివర్సిటీ విషయంలో ఫీజు కంటే నాకు ఎక్కువ అభ్యంతరం ఇంకొకటుంది. ఎమ్మెస్‌డబ్ల్యూలో సగం చదువు తరగతి బయటే. సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్, మధ్యలో రూరల్ క్యాంపు, చివర్లో నెల రోజులకి తక్కువ కాకుండా ఒకేచోట బ్లాక్ ప్లేస్‌మెంట్. నా దగ్గర ఫీల్డ్ వర్క్ చేసిన పిల్లల్లో ఎక్కువమందికి మొదటి ఉద్యోగం ఆ పరిచయాల్లోంచే వచ్చింది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డులో నువ్వు రాసిన కేస్ షీట్ చూసిన డాక్టరో, బస్తీలో నీతో తిరిగిన ఐసీడీఎస్ సూపర్‌వైజరో "ఈ అమ్మాయిని పిలవండి" అంటారు. పక్క రాష్ట్రంలో, నీకు రాని భాషలో ఆ రెండేళ్ళు గడిపితే ఆ పరిచయాలన్నీ అక్కడే ఉండిపోతాయి, నువ్వు డిగ్రీ పట్టుకుని గాజువాక తిరిగొస్తావు. భాష రాకుండా బస్తీలోకి వెళితే ఇంటింటికీ సర్వే కాగితం నింపడం తప్ప ఇంకేం చెయ్యగలవు? ఇక్కడే ఉండి, పాడేరు వైపు ఒక ప్లేస్‌మెంట్ అడిగి తీసుకుని, ఆదివాసీ ఒడియాలో పది మాటలు నేర్చుకున్నా రేపు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఏ ప్రాజెక్టు వచ్చినా నీకు పనికొస్తుంది.

ఏయూ సీటొస్తే ఖర్చుల లెక్క ఇలా వేసుకో. స్త్రీశక్తి వచ్చాక గాజువాక నుంచి మద్దిలపాలెం సిటీ బస్సుకి నీకు టికెట్ లేదు. కానీ ఫీల్డ్ వర్క్‌కి బస్సు వెళ్ళని చోట్లుంటాయి, ఆటో ఖర్చులవుతాయి. రూరల్ క్యాంపుకి డబ్బు కట్టాలి. రికార్డులు, ప్రింటౌట్లు, డిజర్టేషన్ బైండింగు. సీనియర్ చెప్పిన లక్షన్నరలో ఇవన్నీ ఉన్నాయో లేదో ఇంకోసారి అడుగు. వారానికి రెండు రోజులు ఫీల్డులో ఉంటావు కాబట్టి పగటిపూట పార్ట్‌టైమ్ ఉద్యోగం కుదరదు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోవచ్చు. ఆ ట్యూషన్ డబ్బుతో చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేస్తే మంచిది. మొదటి ఏడాది 75 వేల మీద వడ్డీ నెలకి 656 రూపాయలే. అలా కట్టేవాళ్ళకి కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి కూడా.

2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని తెచ్చింది. విద్యాసంస్థలకి కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ముందున్న సంస్థల్లో మెరిట్ మీద సీటొచ్చిన వాళ్ళకి హామీదారు లేకుండా అప్పిస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు అప్పుకి, మారటోరియం కాలంలో వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది. ఏయూకి ఆ ర్యాంకు ఉంది. ఎంట్రన్సూ మెరిటూ చూడకుండా పిలిచి ఇచ్చే సీట్లకి ఇది వర్తించదు. నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉండి ప్రొఫెషనల్ కోర్సు చదివేవాళ్ళకి మారటోరియంలో వడ్డీ మొత్తం కేంద్రమే కట్టే పథకం ఇంకొకటుంది. ఎమ్మెస్‌డబ్ల్యూని దానికింద తీసుకుంటారా అని బ్యాంకు మేనేజర్‌ని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే విద్యాలక్ష్మి వడ్డీ రాయితీ రాదు, రెంటిలో ఏది లాభమో చూసుకుని ఎంచుకో. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎన్నాళ్ళకి పడుతుందో మీ డిగ్రీ కాలేజీలోనే చూసి ఉంటావు, దాన్ని నమ్ముకుని మాత్రం బడ్జెట్ వెయ్యకు.

సీటు రాకపోతే? పీజీసెట్ ఆప్షన్లలో ఏయూ ఒక్కటే పెట్టి ఊరుకోకు. నాగార్జున యూనివర్సిటీ, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ కూడా పెట్టు. హాస్టల్‌తో కలిపినా రెండు లక్షల గీత దాటదనుకుంటేనే వెళ్ళు. అవీ రాకపోతే ఈ ఏడాది పని చెయ్యి. ఔట్‌రీచ్ వర్కర్ పోస్టయినా సరే, ఏదైనా సంస్థలో ఫీల్డ్ స్టాఫ్ అయినా సరే. పది వేల జీతమే కావచ్చు, కానీ పైన చెప్పిన అనుభవం లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. ఈ పని నీకు నిజంగా సరిపడుతుందో లేదో కూడా అప్పులేకుండా తెలుస్తుంది. పిల్లలు ఇంటర్ నుంచి కలలు కని, బాల్యవివాహం ఆపడానికి వెళ్ళిన మొదటి రోజే ఊళ్ళోవాళ్ళు తిట్టి పంపితే బెదిరిపోయి మానేసిన సందర్భాలు నేను చూశాను. ఆ ఏడాదిలోనే సీయూఈటీ పీజీకి (సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్) కూడా చదువు, అది సాధారణంగా మార్చిలో ఉంటుంది. టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సీటుకి ఇప్పుడు అదే దారి. 1936లో ముంబయిలో మొదలైన ఆ సంస్థలో ఫీజు తక్కువేం కాదు, ముందు అక్కడి రాయితీలన్నీ కనుక్కోవాలి. నేను రెండు లక్షల గీతని కాస్త దాటనిచ్చేది అలాంటి ఒకటి రెండు చోట్ల మాత్రమే, అది కూడా అక్కడ చదివిన వాళ్ళ ఆఫర్ లెటర్లు చూశాక. ఉద్యోగం వదల్లేని పరిస్థితి వస్తే ఇగ్నో ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంది. విశాఖలోనే వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఖర్చు చాలా తక్కువ. ఫీల్డ్ వర్క్ మాత్రం తప్పించుకునేలా చెయ్యకు, దూరవిద్యలో ఆ వెసులుబాటు వెతుక్కునేవాళ్ళు ఎక్కువ.

మావయ్యకి చెప్పు, ఎంబీఏకైనా ఇదే కొలత. కింది జీతం ఎంత, అందులో నాలుగో వంతు ఎంత. ఊరికో ఎంబీఏ కాలేజీ ఉన్న రాష్ట్రం మనది.

ఇన్ని చెప్పినా ఆ ప్రైవేటు సీటు మీద మనసు పోతుంటే, 25 వేలు కట్టే ముందు వాళ్ళకి ఈ ప్రశ్నలు ఈ-మెయిల్‌లో పంపు. పోయిన బ్యాచ్‌లో ఎమ్మెస్‌డబ్ల్యూ వాళ్ళెంతమంది, అందులో ఉద్యోగం వచ్చింది ఎంతమందికి, ఏ పోస్టులో, ఎంతకి? ఫీల్డ్ వర్క్ ఏయే సంస్థల్లో? నాక్ గుర్తింపు (కాలేజీల నాణ్యత చూసి ఇచ్చేది) ఎప్పటిదాకా ఉంది? ఫోన్‌లో చెబుతామంటే వద్దను, రాతలోనే కావాలను. ఆ బ్యాచ్ వాళ్ళని లింక్డ్‌ఇన్‌లో వెతికి ఇద్దరు ముగ్గురితో నువ్వే మాట్లాడు.

అప్పటికే డబ్బు కట్టేసి, తర్వాత ఏయూలో సీటు వచ్చిందనుకో, భయపడకు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అడ్మిషన్లకి ప్రకటించిన చివరి తేదీకి పదిహేను రోజులో అంతకంటే ముందో రద్దు చేసుకుంటే ఫీజు మొత్తం వెనక్కివ్వాలి, ప్రాసెసింగ్ ఖర్చు కింద ఫీజులో 5 శాతం, అదీ 5,000 దాటకుండా మినహాయించుకోవచ్చు. ఆ చివరి తేదీకి పదిహేను రోజుల లోపయితే 90 శాతం. తేదీ దాటాక పదిహేను రోజుల్లో అయితే 80, నెల లోపయితే 50, నెల దాటితే ఏమీ రాదు. అందుకని రద్దు ఉత్తరం రాసిన రోజే పంపు, పంపినట్టు రుజువు ఉంచుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వకు. చూసి, సరిచూసుకుని అక్కడికక్కడే వెనక్కివ్వాలని ఆ నిబంధనల్లోనే ఉంది. అవి వాళ్ళ బీరువాలో ఉంటే ఏయూ కౌన్సెలింగ్ రోజున నువ్వు ఖాళీ చేతులతో నిలబడాల్సి వస్తుంది.